నేలలో పాతిన బానల వైన్, అక్రోటు వంకాయ: కాఖేతీ పల్లెలో మూడు రాత్రులు

జార్జియా దేశపు తూర్పు భాగమైన కాఖేతీలో, తెలావి పట్టణానికి సమీపంలోని ఒక పల్లెలో, ద్రాక్షతోట గల ఒక కుటుంబం తమ ఇంటి మేడ మీద నాలుగు గదులను అతిథులకు అద్దెకిస్తుంది. ఉదయం ఫలహారమూ రాత్రి భోజనమూ తామే వండి, తమ తోట ద్రాక్షతో తామే చేసిన వైన్‌తో వడ్డిస్తుంది. 2024 సెప్టెంబరు చివరి వారంలో మా అన్నయ్య, వదిన, మావారు, నేను ఆ ఇంట మూడు రాత్రులు బస చేశాము. నాలుగు గదులకు మించి పెంచే ఉద్దేశం లేదనీ, పేరు బయటపెట్టవద్దనీ ఇంటావిడ కోరినందువల్ల ఆ ఇల్లు ఏదో ఇక్కడ రాయడం లేదు. అలజానీ లోయ పొడవునా ఇటువంటి ఇళ్లు చాలా ఉన్నాయి కనుక, ఒక ఇంటి భోజనాన్నీ వైన్‌నూ మర్యాదనూ వివరంగా చెబితే, మన బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెళ్లేవారికి మిగిలిన ఇళ్లలో ఏమి అడగాలో, ఏమి ఆశించాలో తెలుస్తుంది. మా నలుగురిలో ఇద్దరు ఆ రోజుల్లో మద్యమూ మాంసమూ ముట్టలేదు. ఆ బల్ల దగ్గర వారికి మాకంటే తక్కువ సంతోషం కలగలేదన్న మాట ముందుగానే చెప్పాలి.

మేము బయలుదేరింది ఒక యాత్రా సంస్థ ఏర్పాటు చేసిన ఏడు రోజుల ప్రయాణంలో. ప్రతి రాత్రీ భారతీయ భోజనం అన్నది ఆ సంస్థ ప్రకటనలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉన్న మాట. రాజధాని తిబిలిసిలో మొదటి రెండు రాత్రులూ మమ్మల్ని ఒకే హోటలుకు తీసుకువెళ్లి పనీర్ బటర్ మసాలా, బఠాణీ పులావు, గులాబ్‌జామూన్ పెట్టారు. వైన్ కావాలన్నవారికి భోజనానికి గంట ముందు, వేరే గదిలో, వేయించిన వేరుశెనగ గింజలతో కలిపి ప్లాస్టిక్ గ్లాసుల్లో పోశారు. అది ఏ ద్రాక్షదో, ఏ ఊరిదో చెప్పేవారు లేరు. రెండో రాత్రి అన్నయ్య చెంచా కింద పెట్టి, "మనూరి పెళ్లిభోజనానికి ఇంత దూరం రావాలేటమ్మా?" అన్నాడు. మరునాడు ఉదయమే మిగిలిన మూడు రాత్రులకు బృందం నుంచి సెలవు తీసుకుని, అద్దె కారు మాట్లాడుకుని కాఖేతీకి వెళ్లిపోయాము. ఆ మూడు రాత్రులకు ముందుగా కట్టిన డబ్బు తిరిగి రాలేదు. అలా రాదని తెలిసే వెళ్లాము, ఆ నష్టానికి ఈనాటికీ విచారించడం లేదు.

నా తీర్పును ఎవరైనా తూచదలిస్తే నా వృత్తి ఏమిటో తెలిసి ఉండాలి. మూడు తరాలుగా మాది బరంపురంలో ఊరగాయలు పెట్టి, అప్పడాలు ఒత్తి అమ్మే ఇల్లు. జాడీకి వాసెన కట్టడం, మూడో నాడు తిరగ కలపడం, ఊట పైకి తేలిందో లేదో చూడడం నాకు పుట్టింట్లోనే అలవాటయ్యాయి. వైన్ గురించి చదువుకున్నదాన్ని కాను. ఊరే పదార్థం, పులిసే పదార్థం ఎప్పుడు బాగుంటుందో, ఎప్పుడు చెడుతుందో ముక్కుతో పసిగట్టడం మాత్రం నాకు తెలుసు. ఆ ఇంటి వైన్‌ను ఆ ముక్కుతోనే చూశాను.

మొదటి రాత్రి మేము చేరేసరికి ఎనిమిది గంటలైంది. ద్రాక్షపందిరి కింద పొడవాటి చెక్కబల్ల మీద చల్లగా తినే పదార్థాలన్నీ అప్పటికే నిండుగా సర్ది ఉన్నాయి. అక్కడ వంటకాలు ఒకటి తరువాత ఒకటిగా రావు. చల్లనివి ముందే పెట్టి ఉంచి, వేడివి దిగుతున్న కొద్దీ తెచ్చి, చోటు చాలకపోతే పళ్లేల అంచుల మీద పళ్లేలు నిలబెడతారు. ఆ బల్ల మీద మా అందరి చేతులూ ముందుగా వెళ్లింది వంకాయ మీదకే. పొడవాటి వంకాయను నిలువునా పలుచని బద్దలుగా కోసి, ఉప్పు రాసి నీరు వదిలాక నూనెలో మెత్తబడేవరకు వేయించి, మధ్యలో అక్రోటు ముద్ద పెట్టి మడిచి, పైన దానిమ్మ గింజలు చల్లుతారు. ముద్దలో వెల్లుల్లి, కొత్తిమీర, ధనియాలు, కొద్దిగా వెనిగర్, మన మెంతికి దగ్గర బంధువైన అక్కడి నీలి మెంతి పొడి ఉన్నాయి. పసుపు రంగు కనిపించి అది పసుపేనా అని వదిన అడిగింది. ఇంటావిడ లోపలికి వెళ్లి ఒక సీసా తెచ్చి వదిన అరచేతిలో చిటికెడు పోసింది. అవి ఎండబెట్టి పొడి చేసిన బంతిపూల రేకులు. ఇన్నేళ్లుగా గుమ్మానికి కట్టిన పువ్వును కూరలో వేస్తారని మాకు అంతవరకు తెలియదు. వదిన ఆ పొడిని వాసన చూసి, కొద్దిగా నాలుకకు అద్దుకుని, "వేసవికాలం గడ్డివాము వాసనలా ఉందమ్మా" అంది. అంతకంటే సరిగ్గా నేను చెప్పలేను.

అక్రోటు అక్కడి వంటలో మన కొబ్బరి, నువ్వులు, వేరుశెనగ మూడూ చేసే పని ఒక్కటే చేస్తుంది. పాలకూరను ఉడికించి గట్టిగా పిండి, అదే అక్రోటు ముద్దతో కలిపి ఉండలుగా చేసిన ప్ఖాలి, బీట్‌రూట్‌తో చేసిన మరొక ప్ఖాలి బల్ల మీద ఉన్నాయి. లోబియో అంటే చిక్కుడు జాతి గింజలు. ఎర్రని రాజ్మా గింజలను మట్టికుండలో ఉల్లిపాయ, కొత్తిమీరతో మెత్తగా ఉడికించి, కుండతో సహా తెచ్చి పెట్టి, పక్కన మొక్కజొన్న రొట్టె ఉంచుతారు. పుల్లని ఆల్‌బుఖారా (ప్లమ్) జాతి పండ్లతో చేసిన త్కెమాలి అనే పచ్చడిని దేనిలోకైనా నంజుకోవచ్చు. చింతపండు పచ్చడి అలవాటైన నాలుకకు అది మొదటి చుక్కకే సొంతమవుతుంది.

శాకాహారులకు అన్నిటికంటే ఉపయోగపడే మాట ఒకటి ఉంది. జార్జియాలో అత్యధికులు ఆర్థడాక్స్ క్రైస్తవులు. నియమంగా ఉండేవారు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టరుకు ముందు వచ్చే సుదీర్ఘమైన ఉపవాస కాలంలోనూ మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. ఆ భోజనాన్ని సమర్‌ఖ్వో అంటారు. నేను శాకాహారిని అని ఎంత వివరించినా కొన్ని చోట్ల కోడిమాంసం పులుసు తెచ్చి పెట్టే ప్రమాదం ఉంది కానీ, సమర్‌ఖ్వో అన్న ఒక్క మాట చెబితే వంటింట్లో ఎవరికీ సందేహం ఉండదు. మన ప్రాంతంలో కార్తీకం నెల అంతా ఒడియా ఇళ్లలో, వారిని చూసి మన ఇళ్లలో కూడా నీచు మానేస్తారు కదా, అటువంటి నియమం వేల ఇళ్లలో తరతరాలుగా నడిచినచోట శాకాహారపు వంట తప్పనిసరిగా రుచిగా తయారవుతుంది. పాలు, వెన్న తినేవారికి సుల్గుని అనే ఉప్పు జున్ను, ఆ జున్నును పిండిలో నింపి కాల్చిన ఖచాపురి ఉండనే ఉన్నాయి. మన పరాఠాకు రెండింతల మందంతో, కోస్తే తీగలు సాగే ఖచాపురిని నలుగురూ ఒక్కొక్క ముక్కతో ఆపలేకపోయాము.

ఇక వైన్ సంగతి. బల్ల మీద రెండు మట్టి కూజాలు పెట్టారు, ఒకదానిలో ఎరుపు, మరొకదానిలో తేనె రంగు. ఆ తేనె రంగుది తెల్ల ద్రాక్షతో చేసినదే. తెల్ల ద్రాక్ష రసాన్ని వెంటనే వడగట్టి పులియబెడితే లేత గడ్డిరంగు వైన్ వస్తుంది. కాఖేతీ పద్ధతిలో ర్కత్సితెలి అనే తెల్ల ద్రాక్షను తొక్కి, రసంతో పాటు తొక్కలు, గింజలు, కాడలు కూడా బానలోనే వదిలి నెలల తరబడి ఉంచుతారు. తొక్కలోని రంగు, గింజలోని వగరు వైన్‌లోకి దిగుతాయి. మొదటి గుక్కకు నాకు గుర్తుకు వచ్చింది ఎండిన ఉసిరికాయ. రెండో గుక్కలో ఎండు నేరేడు, పలుచని తేనె, చల్లారిన టీ డికాక్షన్ తెలిశాయి. తీపి లేదు. నాలుక పక్కలను పట్టి లాగే వగరు ఉంది. ఆ ఒక్క గుక్కనే తీసుకుని తీర్పు చెప్పమంటే బాగాలేదని చెప్పేదాన్ని. అక్రోటు వంకాయ ఒక ముక్క తిని, వెంటనే తాగిన గుక్క పూర్తిగా వేరుగా తోచింది. అక్రోటు నూనె, వేయించిన నూనె కలిసి నోట్లో పేర్చిన జిడ్డును ఆ వగరు తుడిచివేసింది. వగరును ఆ జిడ్డు మెత్తబరిచింది. తరువాతి వంకాయ ముక్క మొదటిదానిలాగే కొత్తగా రుచించింది. భోజనం చివర తాంబూలం వేసుకుని నోరు శుభ్రం చేసుకోవడం మనకు తెలుసు. ఇక్కడ ప్రతి నాలుగు ముద్దలకు ఒకసారి ఆ పని జరుగుతూ ఉంటుంది. తిబిలిసి హోటల్‌లో వేరుశెనగ గింజలతో మాకు పోసినది కూడా బహుశా మంచి వైనేనేమో, దానికి తగిన పళ్లెం పక్కన లేదు.

మరునాడు ఉదయం ఇంటాయన మమ్మల్ని మరానికి, అంటే వైన్ ఉంచే కొట్టుకు తీసుకువెళ్లాడు. ఆయన మాటలను వారి అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. లోపల మాకు ఒక్క బాన కూడా కనిపించలేదు. నేల మీద గుండ్రని మూతలు మాత్రం వరుసగా ఉన్నాయి. బానలన్నీ మెడ వరకు నేలలో పాతిపెట్టి ఉంటాయి. వీటిని క్వెవ్రి అంటారు. గుడ్డు ఆకారంలో, అడుగు సన్నగా మొనదేలి ఉండే ఈ బానలు మనిషి లోపల నిలబడగలిగినంత పెద్దవి కూడా ఉంటాయి. లోపలి గోడకు వేడిగా ఉన్నప్పుడే తేనెమైనం పట్టిస్తారు. అడుగు మొనదేలి ఉండడానికి కారణం విన్నాక ఆ పనితనానికి చేతులు జోడించాలనిపించింది. పులియడం పూర్తయ్యాక గింజలు, మడ్డి ఆ మొనలోకి జారిపోతాయి, వాటి మీద తొక్కలు కప్పుకుంటాయి, పైనున్న వైన్‌కు చేదునిచ్చే గింజలతో తాకిడి తగ్గిపోతుంది. చుట్టూ ఉన్న నేల వేసవిలోనూ చలికాలంలోనూ ఒకే చల్లదనాన్ని కాపాడుతుంది. విద్యుత్తుతో నడిచే యంత్రం ఏదీ ఆ కొట్టులో లేదు.

అది ద్రాక్ష కోతల కాలం కావడం మా అదృష్టం. ఆ కోతల పండుగను ర్త్‌వెలి అంటారు. నాలుగు రోజుల క్రితం నింపిన ఒక బాన మూత తీసి చూపించారు. తొక్కలన్నీ పైకి తేలి మందపాటి చాపలా కట్టి ఉన్నాయి, వాటి కింద నుంచి బుసబుస పొంగుతున్న చప్పుడు వినిపిస్తున్నది. ఇంటాయన పొడవాటి కర్రతో ఆ చాపను కిందికి నొక్కుతూ, రోజుకు నాలుగైదు సార్లు ఇలా చేయకపోతే పైభాగం పులుపెక్కి చెడుతుందని చెప్పాడు. ఆవకాయ జాడీలో పైముక్కలు ఊటలో మునగకపోతే బూజు పడుతుందని, మూడో నాడు అడుగు నుంచి తిరగ కలపాలని మా అమ్మ చెప్పిన మాటే అది. నాకూ ఒకసారి కర్ర ఇచ్చారు. అనుకున్నదానికంటే బరువుగా, మెత్తని ప్రతిఘటనతో ఆ చాప దిగింది, కింద నుంచి వెచ్చని ఆవిరి ముఖానికి తగిలింది. అందులో ద్రాక్ష వాసన, రొట్టె పిండి పులిసిన వాసన రెండూ ఉన్నాయి. పులియడం ఆగాక బాన మూతి మీద రాతిపలకో మూతో పెట్టి, చుట్టూ తడిమట్టితో గాలి చొరకుండా మూసి, వసంతం వరకు ముట్టుకోరు. ఖాళీ అయిన బానను కడగడానికి చెర్రీ చెట్టు బెరడుతో చేసిన కుంచెను పొడవాటి కర్రకు కట్టి వాడతారు. శుభ్రంగా కడగడమే సగం విద్య అని ఆయన అన్నప్పుడు మావారు నా వైపు చూశారు. మా ఇంట్లో జాడీలు కడిగి ఎండబెట్టే రోజున నా నోటి నుంచి వచ్చే మాట అదే.

ఈ పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దక్షిణ జార్జియాలోని గదచ్రిలి గోర, షులావెరి గోర అనే పురాతన ఆవాసాల్లో దొరికిన మట్టిపాత్రల పెంకులలో ద్రాక్ష వైన్ ఆనవాళ్లు ఉన్నాయని, అవి సుమారు 8,000 ఏళ్ల నాటివని 2017లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ద్రాక్ష వైన్‌కు సంబంధించి అంతకంటే పాత రసాయనిక ఆధారం ఆ పరిశోధన వెలువడే నాటికి లేదు. ఈ సంగతి ఇంటాయన గొప్పగా చెప్పుకోలేదు. మేము అడిగితే తల ఊపి, మళ్లీ కర్ర అందుకున్నాడు.

ఎర్ర వైన్ సపెరావి అనే ద్రాక్షతో చేసినది. ఆ పేరుకు రంగు వేసేది అని అర్థం. మామూలు నల్ల ద్రాక్షను చిదిపితే లోపలి గుజ్జు తెల్లగానే ఉంటుంది, సపెరావి గుజ్జు కూడా ఎర్రగా ఉంటుంది. తోటలో ఒక పండును చిదిపిన నా వేళ్లకు ఆ రంగు మరునాటి వరకు వదలలేదు. పట్టు అద్దకం చూస్తూ పెరిగిన బరంపురం మనిషికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఇక వేరే చెప్పనక్కరలేదు. వైన్ ముదురు నేరేడు రంగులో, మంచి పులుపుతో, బరువుగా ఉంటుంది. దీనికి జోడీ ద్రాక్షతీగల ఎండు కొమ్మల నిప్పుల మీద కాల్చిన మాంసపు ముక్కలు, అంటే మ్‌త్స్వాది. మంట ఆరి నిప్పులు మిగిలాకే ఊచలు పెడతారు, ఉప్పు తప్ప మసాలా ఏదీ ఉండదు, దించాక పచ్చి ఉల్లిపాయ చక్రాలు కలుపుతారు. మావారు అంత సాదా మాంసాన్ని అంత ఇష్టంగా తినడం నేను ఇంతకుముందు చూడలేదు. అయితే మ్‌త్స్వాది సాధారణంగా పంది మాంసంతో చేస్తారు. మన మండా పిఠా అనే కుడుములా పిండితో మూటకట్టి, లోపల వేడి పులుసు నింపుకుని ఉండే ఖింకాలిలో పంది, గొడ్డు మాంసాలు కలిపి ఉండడం మామూలు. తినని వారు ముందే అడిగి తెలుసుకోవాలి. పుట్టగొడుగులు, బంగాళదుంప, జున్ను నింపినవి కూడా దొరుకుతాయి. ఖింకాలిని ముచ్చిక దగ్గర పట్టుకుని, పక్కన చిన్నగా కొరికి పులుసు పీల్చి, తరువాత తిని, ముచ్చికను పళ్లెంలో వదిలేయాలి. ఫోర్కుతో పొడిస్తే రుచి అంతా పళ్లెం పాలవుతుంది.

రెండో రాత్రి విందులో జరిగినదాన్ని సేవల జాబితాలో ఎక్కడ రాయాలో నాకు తెలియదు, అయినా ఈ సమీక్షలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. అక్కడ విందుకు సుప్రా అని పేరు. బల్ల దగ్గర ఒకరిని తమదాగా ఎంచుకుంటారు. ఎవరికి వారు గ్లాసు ఎత్తి తాగడం మర్యాద కాదు. తమదా ఒక విషయం తీసుకుని నిలబడి మాట్లాడతాడు, ఆయన గౌమర్జోస్ అని ముగించాక అందరూ తాగుతారు, తరువాత ఆ విషయం మీదనే మిగిలినవారూ మాట్లాడవచ్చు. శాంతి, అతిథులు, తల్లిదండ్రులు, పిల్లలు, ఇలా వరుస నడుస్తుంది. మాటకూ మాటకూ మధ్య పది నిమిషాలు, పావుగంట గడుస్తాయి, ఆ వ్యవధి అంతా తిండికే. అందువల్ల మూడు గంటలు కూర్చున్నా ఎవరి నాలుకా తడబడలేదు. ఇంటాయన అన్నగారు ఆ రాత్రి తమదా. నాలుగో మాటగా ఆయన గతించినవారిని తలచుకున్నాడు. ఆ రోజులు మనకు మహాలయ పక్షం. మా అమ్మానాన్నలకు తిథి నాడు చేయవలసినది ఇంట్లో చేసే బయలుదేరినా, అన్నయ్య, వదిన ఆ పక్షమంతా మాంసం, మద్యం ముట్టకుండా ఉన్నారు. మా అత్తమామలు ఉన్నారు కనుక మావారికి ఆ నియమం లేదు. గతించినవారి మాట రాగానే అన్నయ్య, తన గ్లాసులో వైన్ లేదని మొహమాటపడ్డాడు. ఇంటివారి అమ్మాయి తండ్రికి సంగతి చెప్పింది. ఆయన లేచి వెళ్లి ఆ సాయంత్రమే తొక్కిన ద్రాక్ష రసం, ఇంకా పులియనిది, ఒక కూజాతో తెచ్చి అన్నయ్య, వదినల గ్లాసుల్లో పోశాడు. తమదా అందరూ కూర్చునేవరకు ఆగి, మా అన్నయ్యనే మాట్లాడమన్నాడు. అన్నయ్య తెలుగులో మాట్లాడాడు. అమ్మ ప్రతి ఏడూ మొదటి ఆవకాయ ముద్ద ఎవరి నోట్లో పెట్టేదో చెప్పాడు. దాన్ని ఇంగ్లీషులోకి నేను, వారి భాషలోకి ఆ అమ్మాయి మార్చాము. ఇంటావిడ కళ్లు తుడుచుకుంది.

మన ప్రాంతంలో తాగుడుకూ భోజనానికీ మధ్య గోడ ఉంటుంది. మగవారు మేడ మీద తాగి, ఆలస్యంగా దిగి, ఆకలి చచ్చిన నోటితో రెండు ముద్దలు తింటారు, వండినవారు చల్లారిన గిన్నెల దగ్గర కాచుకుని ఉంటారు. ఈ పద్ధతిలో తిండికీ పానీయానికీ ఇంటివారికీ ముగ్గురికీ అన్యాయం జరుగుతుందని నేను నమ్ముతాను. గజపతి కొండల్లో జీలుగు కల్లును దించిన చెట్టు కిందే, పొద్దున్నే, నలుగురూ కూర్చుని పంచుకునే సవరల పద్ధతి కాఖేతీ బల్లకు మన మేడ మీది సీసా కంటే చాలా దగ్గర.

ఇంటి లోపాలు కూడా చెప్పాలి. స్నానాల గది రెండు గదులకు ఒకటే, మేడమెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. రాత్రి భోజనం తొమ్మిదికి మొదలై అర్ధరాత్రి వరకు సాగుతుంది కనుక, తొందరగా తిని పడుకునేవారు ముందే చెప్పుకోవాలి. అన్నం దొరకదు. జున్ను మనకు ఉప్పు ఎక్కువనిపిస్తుంది, దాన్ని కాసేపు నీళ్లలో వేసి తింటే సరిపోతుంది. మూడో రాత్రి తీసిన ఒక కూజాలో తేనె రంగు వైన్‌కు వెనిగర్ వాసన స్పష్టంగా ఉంది. గాలి తగిలిన జాడీ వాసన నాకు కొత్తది కాదు. చెప్పగానే ఇంటాయన రుచి చూసి, ఒప్పుకుని, ఆ కూజాను వంటింటికి పంపి వేరేది తెచ్చాడు. ఇంట్లో చేసే వైన్ ప్రతి బానా ఒకేలా ఉండదు, అటువంటిది ఎదురైతే మొహమాటపడకుండా చెప్పాలి. చాచా విషయంలో మాత్రం హెచ్చరిక అవసరం. వైన్ తీశాక మిగిలిన తొక్కల పిప్పిని కాచి దించే సారా అది, మన ఇప్పసారాలాగే నీళ్లలా కనిపిస్తుంది, చాలా ఘాటైనది. మావారు మర్యాద కోసం రెండు చిన్న గ్లాసులు పుచ్చుకుని, మరునాడు గొంబోరి కనుమ మలుపుల్లో మూడుసార్లు కారు ఆపించారు.

వచ్చేటప్పుడు మనిషికి 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కనుక, మావారూ నేనూ తలా రెండు సీసాలు తెచ్చాము. ఇంటివారు ప్లాస్టిక్ సీసాలో పోసి ఇస్తామన్నారు కానీ, ప్రయాణానికి తెలావి దుకాణంలో మూత సీలు ఉన్న సీసాలు కొనడమే మేలు. దానితో పాటు చుర్చ్‌ఖెలా కట్టలు తెచ్చాము. అక్రోటు పప్పులను దారానికి గుచ్చి, పిండి కలిపి చిక్కగా కాచిన ద్రాక్ష రసంలో మళ్లీ మళ్లీ ముంచి ఎండబెట్టిన మిఠాయి అది. తాటి తాండ్ర తిన్నవారికి నమిలే తీరు వెంటనే తెలిసిపోతుంది, వానలోనూ నెల రోజులు నిలిచింది.

దసరా వెళ్లాక బరంపురంలో ఆ సీసాలను మన వంటతో పరీక్షించాము. చిలికా రొయ్యల ఇగురుతో సపెరావి పూర్తిగా విఫలమైంది. మిరపకారం మీద వగరు పడితే నోరు రెట్టింపు మండింది, రొయ్యలతో కలిసి నాలుక మీద ఇనుము రుచి మిగిలింది. తేనె రంగు వైన్ పప్పు, కూరముక్కలు కలిపి వండిన దాల్మాతో మర్యాదగా ఉంది, నువ్వులపొడి వేసి కారం తగ్గించిన గుత్తివంకాయతో చాలా బాగుంది. పలాస జీడిపప్పుతో అక్రోటు వంకాయను చేసి చూశాను. జీడిపప్పు తీపి వైన్‌ను చప్పబరిచింది. ఆ వంటకు అక్రోటే కావాలి, ముద్ద నూరేటప్పుడు పప్పు పైపొరను తీసేయకూడదు, ఆ పొరలోని చిరుచేదు వల్లనే జోడీ కుదురుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, గది, ఉదయం ఫలహారం కలిపి ఇద్దరికి రాత్రికి 100 లారీలు (లారీ అంటే జార్జియా కరెన్సీ), వైన్‌తో రాత్రి భోజనం మనిషికి 70 లారీలు తీసుకున్నారు. అప్పటి మారకంలో లారీకి సుమారు 31 రూపాయలు. వైన్ తాగనివారికి 50 లారీలే. కోతల కాలంలో రెండు నెలల ముందు గదులు చెప్పుకోకపోతే దొరకవు. వెళ్లేవారు ఒక చిన్న సీసాడు ఆవకాయ తీసుకువెళ్లవచ్చు. మేము ఇచ్చినదాన్ని ఇంటావిడ మొదట వాసన చూసి, ఆవఘాటుకు వెనక్కి తగ్గి, తరువాత లోబియో కుండలో అర చెంచా కలుపుకుని తిన్నది, మరునాడు మళ్లీ అడిగింది.

చివరి రోజు మధ్యాహ్నం, దొలిచిన పెద్ద మాను తొట్టిలో ద్రాక్ష పోసి తొక్కుతుంటే మమ్మల్నీ రమ్మన్నారు. వదిన చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కాళ్లు కడుక్కుని, నాకంటే ముందు దిగింది. ఆ రసం వరుసలో మూడో మూత కింది బానలోకి వెళ్లింది. మట్టి మెత్తి మూసే ఆ బానను ఏప్రిల్‌లో తెరుస్తారట. ఈసారి మహాలయ పక్షం కాని రోజుల్లో, అన్నయ్య కూడా గ్లాసు పట్టుకునేలా, ఏప్రిల్‌కే నాలుగు గదుల్లో రెండు మాకు ఉంచమని రాశాము.